తరుగు పోను ల్యాప్‌టాప్

ధాన్య సేకరణ మండలి ఇకమీదట తేలికగా ఉండదలచుకుందన్న సంగతి చింతలవాయి వడ్ల సెంటరుకు ఒక బరువైన కట్ట రూపంలో చేరింది. కట్ట విప్పితే ఉత్తర్వు, ఉత్తర్వుకు వివరణ, వివరణకు అనుబంధం. సెంటరు ఇన్‌చార్జి భూలక్ష్మి వాటిని వడ్ల కుప్పల మధ్య నిలబడే చదివింది. పదో తరగతి చదివి, మహిళా సంఘం తరఫున కొన్నేళ్లుగా వడ్లు కొంటున్న మనిషి. సర్కారు కాగితం చదవడంలో ఆమెకో పద్ధతి ఉంది. ముందు చివరి పేరా చదువుతుంది. దెబ్బ ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

చివరి పేరా ఇలా ఉంది: "కావున కిలోకు మించిన బరువు గల ఏ వస్తువూ ఇకపై మండలి దృష్టిలో ల్యాప్‌టాప్‌గా పరిగణింపబడదు. కిలోకు మించిన దానిని ల్యాప్‌టాప్ అని ఏ ఉద్యోగియూ మోయరాదు."

జిల్లా మేనేజరు మురహరిరావు ఈమధ్య ఎక్కడికో శిక్షణకు పోయి వచ్చాడు. అక్కడ ఎవరో బక్కపలచని పెద్దమనిషి ల్యాప్‌టాప్‌ను రెండు వేళ్ల మధ్య తమలపాకులా పట్టుకుని చూపించాడట. అప్పటి నుంచి మురహరిరావు కంటికి బరువైనదేదీ ఆనడం లేదు. ఆయన మాత్రం దిగితే కారు జానెడు పైకి లేచే మనిషి.

ఏ ల్యాప్‌టాప్ కొనాలో తేల్చడానికి మండలి ఉపసంఘం కూర్చుంది. క్షేత్రస్థాయి అభిప్రాయం కూడా వినాలని నియమం ఉంది కనుక భూలక్ష్మిని పిలిపించి, తలుపు పక్కన కుర్చీ వేశారు.

"ల్యాప్‌టాప్‌లో బరువెక్కడున్నది? ఆ మూలాన్ని మనం అన్వేషించాలి" అన్నాడు మురహరిరావు.

"బ్యాటరీలో సార్" అన్నారు ఉపసంఘం వాళ్లు.

"బ్యాటరీ దేనికి?"

"కరెంటు పోతే సార్."

"కరెంటు పోవుట అనే విషయాన్ని మండలి అధికారికంగా అంగీకరించలేదు. చిన్న బ్యాటరీ చాలు. తర్వాత?"

"వైర్లు పెట్టే బొక్కలు సార్. అవి ఉంటే మందం పెరుగుతుంది."

"బొక్కలు గత శతాబ్దపు ఆలోచన. ఒకటి ఉంచండి. మీరేమంటారమ్మా, క్షేత్రస్థాయి?"

భూలక్ష్మి లేచి నిలబడింది. "సార్, ఏలిముద్ర మిషనుకొకటి, చిట్టీలు కొట్టే మిషనుకొకటి, కాంటాకొకటి, చార్జింగుకొకటి. మాకు నాలుగు బొక్కలు గావాలె. ఎండల కూసుంటం, తెర కనవడాలె. దుమ్మువడ్తది, ఓర్సుకోవాలె. పొద్దందాక కరెంటు లేకున్నా నడ్వాలె. పల్సగుంటే మంచిదే, ఎవలొద్దన్నరు? గాని పల్సనిదాని కోసం ఏమేం ఇడ్సిపెడ్తున్నమో గది సూసుకోవాలె గద సార్."

మురహరిరావు ఆమె వైపు జాలిగా చూశాడు. "మీరు బరువు పక్షాన మాట్లాడుతున్నారు" అన్నాడు. సమావేశపు నివేదికలో 'క్షేత్రస్థాయి హర్షం వ్యక్తం చేసినది' అని రాశారు.

ల్యాప్‌టాప్ వచ్చింది. అట్టపెట్టె తెరిచినప్పుడు హమాలీల మేస్త్రి ఓదెలు లోపలికి చెయ్యి పెట్టి, ఏమీ తగలక, పెట్టెను బోర్లించి దులిపాడు. అప్పుడు రాలింది.

"చెల్లె, గిది మూత. అసలుది పంపుడు మర్సిపోయిండ్రు."

"గదే అసలుదన్నా."

ఓదెలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగనే ఉన్నది. మా ఇంట్ల రొట్టె జేసినా గింత పల్సగ రాదు."

ఉన్న ఒక్క బొక్కకు నాలుగు మిషన్లు తగలాలంటే నాలుగు ముక్కుల డబ్బా ఒకటి కావాలి. ఆ డబ్బాకు విడిగా కరెంటు కావాలి. ఆ కరెంటు కోసం ఇంకో బ్యాటరీ, అది ఇటుక అంత. అన్నిటినీ కలిపే వైర్ల చుట్ట, వాటన్నిటికీ ఒక సంచీ. ల్యాప్‌టాప్ తేలికే కాని దాని సంసారం బరువు. భూలక్ష్మి దాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిస్తే, సంసారాన్ని భుజాన వేసుకుని ఓదెలు వెనక నడిచేవాడు. సంసారం ల్యాప్‌టాప్ కాదు కనుక ఉత్తర్వుకు ఏ భంగమూ కలగలేదు.

ఎండలో తెర మీద భూలక్ష్మి మొహం తప్ప మరేమీ కనిపించేది కాదు. గొడుగు పడితే అక్షరాలు కనిపించేవి, కాని గాలి వచ్చేది. గాలికి అది లేచేది. లేవకుండా మీద రాయి పెడితే కొట్టడానికి అక్షరాల మీటలు మిగిలేవి కావు. ఇవన్నీ సర్దుకునేలోపు బ్యాటరీ అయిపోయేది. మండలి అంగీకరించకపోయినా కరెంటు పోతూనే ఉండేది.

కాని సెంటరు ఆగలేదు. ఎందుకంటే 'దున్న' అక్కడే ఉంది.

దున్న అంటే పాత ల్యాప్‌టాప్. నల్లగా, మందంగా, మూల ఒకటి విరిగి, ఎన్ని యాసంగి పంటల దుమ్మో కడుపులో దాచుకుని ఉంటుంది. ఆ పేరు హమాలీలు పెట్టింది. దాన్ని జిల్లా ఆఫీసుకు తిరిగి పంపమని కాగితం వచ్చింది. కిలోకు మించిన దాన్ని ఏ ఉద్యోగీ మోయరాదని అంతకుముందే కాగితం వచ్చి ఉంది. మోసుకుపోయే మనిషి లేక దున్న సెంటరులోనే ఆగిపోయింది.

ఒకనాడు మురహరిరావు చెప్పకుండా వచ్చి దిగాడు. భూలక్ష్మి దున్న ముందు కూర్చుని రైతుల పేర్లు ఎక్కిస్తోంది. దాన్ని మూయబోయింది కాని మూత ఎప్పటిలాగే సగంలో పట్టేసింది.

"అదేమిటమ్మా?"

ఆమె కన్నా ముందే ఓదెలు అందుకున్నాడు. "వడ్ల మీది పరదా గాలికి లేవకుంట పెట్టిన బరువు సార్."

మురహరిరావు వంగి చూశాడు. తెర వెలుగుతోంది. "కిలోకు మించునా?"

"నాల్గు కిలోల దాంక తూగుతది సార్" అంది భూలక్ష్మి, ఇక దాచి లాభం లేదనుకుని.

ఆయన మొహం విప్పారింది. "అట్లయితే అది ల్యాప్‌టాప్ కాదు. పని కానివ్వండి."

ఆయన వచ్చింది వేరే పని మీద. కొత్త ల్యాప్‌టాప్ బరువును మండలి ముద్ర ఉన్న కాంటా మీదనే ధ్రువీకరించాలి. జిల్లా మొత్తానికి తొలి ధ్రువీకరణ చింతలవాయిలో జరపాలని ముహూర్తం పెట్టుకుని ఫోటో తీసే మనిషిని కూడా తెచ్చుకున్నాడు. వడ్ల కాంటా తుడిచి, ల్యాప్‌టాప్ పెట్టారు. కాంటా తొమ్మిది వందల గ్రాములు చూపింది.

తూకం చూసి అరిచి చెప్పడం ఓదెలు పని. ఏళ్ల తరబడి చేస్తున్న పని. కాంటా ఎంత చూపినా అందులోంచి రెండు కిలోలు నాలుక మీదనే తీసేసి, మిగిలింది పైకి చెబుతాడు. ఆ రెండు కిలోల పేరు తరుగు. పొల్లు గింజ, అదే తాలు, ఉన్నా లేకున్నా తాలు కోసం, తడి ఉన్నా లేకున్నా తడి కోసం, ప్రతి బస్తాకూ తీసేదే. ఆ రోజూ అలవాటు చొప్పున తీశాడు. తొమ్మిది వందల గ్రాముల్లోంచి రెండు కిలోలు పోతే చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"ఏమీ లేదు సార్!" అని అరిచాడు.

"ఏమీ లేదా?"

"తరుగు వోను ఏం మిగుల్తలేదు సార్."

భూలక్ష్మి ఓదెలు వైపు ఉరిమి చూసింది. మురహరిరావు మాత్రం కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి చెమ్మగిల్లి ఉన్నాయి. "మండలి కాంటాపై తూచబడు సమస్త వస్తువులకు ఒకే నియమావళి" అన్నాడు మెల్లగా. "తరుగు పోను సున్న. అనగా... మన ల్యాప్‌టాప్‌కు బరువే లేదు." వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

పక్కన కుప్ప కాడ కూర్చున్న ఐలయ్య నోట్లోని చుట్ట తీశాడు. అతని వడ్లు ఎండి, తూర్పారబట్టి, వంతు కోసం కుప్ప పోసి ఉన్నాయి. "నా వడ్లల్ల రెండు కిలోలు గట్లనే మాయమైతయి సార్, బస్తకు. ఒక్కనాడు గూడ ఎవ్వలు సప్పట్లు గొట్టకపోయిరి" అన్నాడు.

'బరువు: సున్న' అని రాసి, ఫోటో తీయించుకుని మురహరిరావు వెళ్లిపోయాడు.

ఆ సున్న ఆడిట్ పురుషోత్తం కంట పడింది. పురుషోత్తం మండలి ఆడిటరు. నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆయన జీపు సెంటరుకు వచ్చేసరికి పడమట నల్లటి మబ్బు పట్టి ఉంది. ఐలయ్య వంతు అప్పుడే వచ్చింది. ఓదెలు మొదటి బస్తా నింపి కాంటా ఎక్కించాడు.

"ఆపండి!" అన్నాడు పురుషోత్తం. "ఇన్‌చార్జి ఎవరు? బరువు లేని వస్తువు లోకంలో ఉండదు. లేని వస్తువును ఉన్నట్టు చూపడం నేరం. ల్యాప్‌టాప్ ఎక్కడ?"

"ఇగో సార్" అని భూలక్ష్మి చేతిలో పెట్టింది.

"ఇది కంటికి కనిపించునది. కాగితంలో లేదు. ల్యాప్‌టాప్ లేని సెంటరు సెంటరు కాదు. దీనికి బరువున్నదని రుజువయ్యే దాకా తూకం నిలుపుదల. రుజువు కాకుంటే మీ సంఘానికి సెంటరు రద్దు."

ఐలయ్య లేచి వచ్చాడు. "అయ్యా, మొగులు జూస్తున్నవా? ఇయ్యాల కాంటా గాకుంటే నా వడ్లు మొలకలెత్తుతయి. ల్యాప్‌టాపు ఉంటే మాకేంది, లేకుంటే మాకేంది?"

"మీది ధాన్యం. ఇది ఉనికి. ముందు ఉనికి తేలాలి."

భూలక్ష్మి మురహరిరావుకు ఫోను చేసింది. ఆయన కారు జానెడు కిందికి దిగి పరుగెత్తుకొచ్చింది. వడ్ల మధ్యలో పంచాయితీ మొదలైంది.

"విడిగా తూస్తే తరుగులో పోతున్నది" అన్నాడు మురహరిరావు, తన సున్న మీద మమకారం చావక. "బస్తాలో పెట్టి తూద్దాం. ముందు బస్తా తూచి, తర్వాత బస్తాలో ల్యాప్‌టాప్ పెట్టి తూస్తే, పెరిగినదే దాని బరువు."

ఐలయ్య బస్తా కాంటా మీదనే ఉంది. కాంటా నలభై రెండు చూపింది. "నలభై!" అని అరిచాడు ఓదెలు. మూతి కుట్టని బస్తాలోకి ల్యాప్‌టాప్‌ను దోపారు. రొట్టె ముక్కలా వడ్లలోకి జారిపోయింది. ఆ ఒక్క విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. కాంటా నలభై రెండు కిలోల మీద తొమ్మిది వందల గ్రాములు చూపింది. ఓదెలు పెదాలు కదిలించి లెక్క వేసుకున్నాడు.

"ముప్పై తొమ్మిది లోపల!"

"తగ్గిందేమిటయ్యా?" అన్నాడు పురుషోత్తం.

"వడ్లకొక తరుగు సార్, ల్యాప్‌టాపుకొక తరుగు. రెండు సామాన్లాయె. ఒక్కదానికే తీస్తే మల్ల మీరే అడుగుతరు."

పురుషోత్తం వేళ్లు మడిచి చూసుకున్నాడు. "అనగా ఇది పెడితే బరువు తగ్గుచున్నది. సున్న కన్నా దిగువ. ఇప్పటిదాకా ఒక ల్యాప్‌టాప్ లేదనుకున్నాను. లెక్క ప్రకారం ఒకటి కన్నా ఎక్కువే లేకుండా పోయినవి!"

మొదటి చుక్క ఎవరి చేతి మీదనో పడింది. హమాలీలు కుప్పల మీదికి టార్పాలిన్ పరదాలు లాగడానికి పరుగెత్తారు. ఐలయ్య కదల్లేదు. "కోడలా, నువ్వన్న జెప్పరాదు" అన్నాడు భూలక్ష్మితో. వేరే కులమైనా వరస కలుపుకుని ఆమెను చిన్ననాటి నుంచి కోడలా అనే పిలుస్తాడు.

భూలక్ష్మికి ఏం చెప్పాలో తెలుసు. ఆ మాట సెంటరులో ఎవరూ అనరు. రైతులు లోపల అనుకుంటారు, పైకి అంటే మరుసటి రోజు వాళ్ల వడ్లలో తాలు ఎక్కువ కనిపిస్తుంది. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"తరుగు తియ్యకుంటే కనవడ్తది సార్" అంది.

మురహరిరావు చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమో అన్నట్టు. "తరుగు లేని తూకమా? మండలి చరిత్రలో..."

"కాంటా ఎంత జూపెడ్తే గంతే రాస్తే ల్యాప్‌టాప్ ఉన్నట్టు. లేకుంటే లేదు సార్. ఇగ మీ ఇష్టం. సున్న రాసింది మీరే, సంతకం గూడ మీదే."

సంతకం అన్న మాటకు మురహరిరావు రెండడుగులు వెనక్కి వేశాడు. పురుషోత్తం మాత్రం కాగితం తీశాడు. ఆయన చేత కొత్త నియమం రాయించడానికి ఒక్క చుక్క చాలు, కాగితం తడుస్తుందన్న భయం చాలు. గబగబా రాసి, మురహరిరావు చేత సంతకం చేయించి, పైకి చదివాడు:

"ల్యాప్‌టాప్ ఉనికి నిరూపణార్థం, ల్యాప్‌టాప్ గల బస్తాకు ఎట్టి తరుగూ వర్తించదు. ల్యాప్‌టాప్ బరువును మాత్రమే మినహాయించి, మిగిలినదంతయూ ధాన్యముగా నమోదు చేయవలెను."

"ఓదెలన్నా, ఇప్పుడు సూడు" అంది భూలక్ష్మి.

ఓదెలు కాంటా వైపు చూశాడు. చూసింది చూసినట్టు అరవడం అతనికి కొత్త. "న... నలభై రెండు! మీద తొమ్మిది వందలు!" అని అరిచాడు. గొంతు పిల్లవాడి గొంతులా పలికింది.

ల్యాప్‌టాప్ ఉంది. పురుషోత్తం టిక్కు పెట్టాడు. మురహరిరావు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇద్దరూ తమ బండ్ల వైపు తిరిగారు.

భూలక్ష్మి కాగితాన్ని తన పద్ధతి ప్రకారం చివరి నుంచి మొదటికి చదివింది. ల్యాప్‌టాప్ గల బస్తా అని ఉంది. ఏ బస్తా అని లేదు. ఎన్ని బస్తాలని లేదు. ఆమె ఐలయ్య వైపు చూసింది. ఐలయ్య అప్పటికే రెండో బస్తా మూతి తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"గిండ్ల గూడ ఉన్నదో లేదో సూడరాదు, కోడలా" అన్నాడు.

మొదటి బస్తాలోంచి లాగి రెండో బస్తాలో దోపారు. రెండోదాంట్లోంచి మూడోదాంట్లో. ఒకరు దోపడం, ఓదెలు ఉన్నది ఉన్నట్టు అరవడం, ఒకరు లాగడం, ఒకరు సుతిలితో కుట్టడం. దాన్ని ఆన్ చేసే పని లేదు, కనుక బ్యాటరీ గొడవ లేదు. బొక్క ఒక్కటే, కనుక వడ్లు ఎక్కువ దూరవు. పల్చన, కనుక ఎంత నిండిన బస్తాలోనైనా పడుతుంది. మురహరిరావు చెప్పిన సుగుణాలన్నీ ఆ సాయంత్రం ఒకటొకటిగా బయటపడ్డాయి. దున్న పరదా కింద వెచ్చగా కూర్చుని పేర్లు, బస్తాలు ఎక్కించుకుంటూ పోయింది. ఐలయ్య ఆఖరి బస్తా లారీ ఎక్కాక వాన దబదబా కురిసింది. ఐలయ్య తలపాగా తీసి ఆ వానలోనే కాసేపు నిలబడ్డాడు.

తర్వాత వచ్చిన రైతులు వంతు గురించి అడగడం మానేశారు. "అక్కా, ల్యాప్‌టాపు మా కుప్ప కాడికెప్పుడొస్తది?" అని అడిగేవారు. పక్క ఊళ్ల సెంటర్ల వాళ్లు ఆ ఉత్తర్వు నకలు పట్టుకుపోయారు. ఎక్కడ చూసినా తమ సెంటరుకూ పల్చటి ల్యాప్‌టాప్ కావాలని అర్జీలు. మండలి పెద్దలు నివ్వెరపోయి, ల్యాప్‌టాప్‌ను ప్రతి బస్తా లోతుకూ తీసుకుపోయిన అధికారిగా మురహరిరావుకు సన్మానం నిర్ణయించారు. సన్మానానికి ముందు ఒక చిన్న లాంఛనం మిగిలింది. చింతలవాయి ల్యాప్‌టాప్‌ను మరోసారి, విడిగా, మండలి కాంటా మీద తూచి ధ్రువీకరించాలి.

మురహరిరావు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ల్యాప్‌టాప్‌ను కాంటా మీద పెట్టారు.

"కిలో మీద నూట యాభై!" అన్నాడు ఓదెలు. ఈ మధ్య అతని గొంతు స్థిరపడింది.

మురహరిరావు కాంటా మీదికి వంగాడు. దులిపితే మీటల సందుల్లోంచి గింజలు, ఊక, దుమ్ము రాలాయి. లోపల ఇంకా ఎంతో ఉంది, కదిపితే గలగలమంటోంది. కిలో దాటింది. కిలో దాటినది ల్యాప్‌టాప్ కాదు. ఆ మాట రాసింది ఆయనే. ఆయన భూలక్ష్మి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, రెండు కిలోలు కాకపోయినా... ఒక పావు కిలో తరుగు తీయరాదా?"

"ల్యాప్‌టాప్ ఉన్న తూకానికి తరుగు లేదన్నరు గద సార్. మీ సంతకమే."

రాలిన గింజలు నాలుగు తీసి ఆమె తేమ చూసే మిషనులో పోసింది. చూసింది. రైతులకు ఇన్నేళ్లుగా మండలి చెప్పమన్న మాటనే, ఆ గొంతుతోనే, చెప్పింది.

"తాలు ఎక్కువున్నది సార్. మ్యాచర్ గూడ ఎక్కువున్నది. మంచిగ తూర్పార వట్టి, ఎండవోసి తీస్కరాండ్రి. అప్పటిదాంక వంతుల ఉండుండ్రి."

కుప్పల వరస చివర మురహరిరావుకు కాస్త జాగా చూపించారు. ఆయన పరదా పరిచి, ల్యాప్‌టాప్‌ను తెరిచి ఎండలో ఆరబెట్టి, కోళ్లు రాకుండా కట్టె పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు ఐలయ్య అటుగా వచ్చి ఆకాశం చూశాడు.

"సారూ, మొగులైతున్నది. పరదా గప్పుండ్రి. గాలికి లేస్తది, కొస మీద బరువు వెట్టుండ్రి."

మురహరిరావు బరువు కోసం వెతికాడు. దున్న వైపు చేయి చాపాడు.

"అది ఖాళీ లేదు సార్" అంది భూలక్ష్మి, తల ఎత్తకుండా పేర్లు ఎక్కిస్తూ.

గాలి లేచింది. పరదా రెపరెపలాడింది. ఆయన చుట్టూ మరోసారి చూశాడు. అందుబాటులో బరువైనదేదీ కనిపించలేదు. కొత్త చొక్కా సర్దుకుని, పరదా కొస మీద తనే కూర్చున్నాడు. పరదా మళ్లీ లేవలేదు.